త్రీ స్టార్ గది, మూడో అంతస్తు, ఆగిపోయిన లిఫ్టు: ఈ స్టార్లు ఎవరిస్తారప్పా?

గడియారస్తంభం
మొన్న మా చిన్నాయన కూతురి పెండ్లికని అనంతపురం నుంచి కర్నూలుకు పోయినాము. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. నాన్నకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కే దిగే పని ఉండకూడదని యాప్‌లో వెతికి వెతికి త్రీ స్టార్ అని రాసుండే హోటలు పట్టినా. రెండు గదులు, ఒక్కోటి రాత్రికి 3,200. పోయి చూస్తే లిఫ్టు ముందర కుర్చీ అడ్డం పెట్టినారు. "రిపేరు సార్, సాయంత్రానికి అయిపోతాది" అన్నాడు కౌంటర్లో పిల్లోడు. ఆ సాయంత్రం ఇంతవరకు రాలేదు. మా గదులు మూడో అంతస్తులో. నాన్న మెట్టుకొక దేవుణ్ణి తలుచుకుంటా ఎక్కినాడు.

గది బాగలేదని అనను. గోడకు పెద్ద టీవీ, పరుపు మీద కాళ్ళ దగ్గర అడ్డంగా ఒక మెరూన్ గుడ్డ, టీ పెట్టుకునే కెటిల్. టీ పెట్టుకుందామంటే ప్లగ్గు మంచం వెనకాల ఉండాది, మంచం జరగదు. తెల్లారి ఐదున్నరకు ముహూర్తం. నాలుగున్నరకు కొళాయి తిప్పితే వేన్నీళ్ళు దేవుడెరుగు, చన్నీళ్ళే రాలే. కిందికి ఫోన్ చేస్తే "మోటారు ఐదున్నరకు వేస్తారు సార్" అన్నాడు. అమ్మ తాగే నీళ్ళ బాటిలుతో మొహం కడుక్కుని పెండ్లికొచ్చింది. బిల్లు మీద మాత్రం మూడు స్టార్లు బంగారు రంగులో అచ్చేసినారు.

ఈ స్టార్లు ఎవరిస్తారు? వచ్చి చూసే ఇస్తారా? వాటిని నమ్మి గది తీసుకున్నోడు తెలివితక్కువోడా?

ఏడురోడ్లు
ఆఖరి ప్రశ్నకు జవాబు తెలుసు గానీ, మీ ఆవిడ కూడా ఇవి చదువుతుందేమోనని చెప్పడం లేదు.

బుర్జుకింద
యా హోటలో చెప్పన్నా. కర్నూల్లో నాకు తెలియని హోటలు లేదు.

వేదిక_కాపరి
పేర్లు వద్దు, సంగతి మాట్లాడుకోండి. పోయినసారి ఒక బిర్యానీ కొట్టు పేరు రాసినందుకు వారం రోజులు నాకు నిద్ర లేదు.

ఫ్రంటాఫీసు_పాతకాపు
బెంగళూరులోనూ హైదరాబాదులోనూ కలిపి 14 ఏండ్లు హోటలు కౌంటరు వెనకాల నిలబడినోణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

యాప్‌లో కనబడే స్టారు వేరు, సర్కారు ఇచ్చే స్టారు వేరు. మన దేశంలో ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ. దాని కింద హెచ్.ఆర్.ఎ.సి.సి. అని ఒక కమిటీ ఉంటుంది. ఒకటి నుంచి ఐదు దాకా, దాని పైన ఫైవ్ స్టార్ డీలక్స్. పాత కోటలు, రాజుల బంగళాలు హోటళ్ళయితే వాటికి హెరిటేజ్ అని వేరే వరుస. కనీసం 10 గదులుండాలి. హోటలోడే దరఖాస్తు పెట్టుకోవాలి, పెట్టుకోకపోయినా హోటలు నడుపుకోవచ్చు. కమిటీ వచ్చి చూసి ఇచ్చిన స్టారు 5 ఏండ్లు చెల్లుతుంది, మళ్ళీ చూపించుకోవాలి. యాప్‌లో స్టార్లు చాలాసార్లు హోటలోడు తన వివరాలు నింపేటప్పుడు తానే పెట్టుకున్నవి. పెండ్లి సంబంధానికి అబ్బాయే తన గుణగణాలు రాసుకున్నట్టు.

సరే, నిజంగా సర్కారు స్టారే అనుకుందాం. అది దేన్ని కొలుస్తుంది? ఫైవ్ స్టారుకు గది 200 చదరపు అడుగులకు తగ్గకూడదు, బాత్రూము 45కు తగ్గకూడదు. ర్యాంపు, వికలాంగులకు వీలుగా ఒక గది, సీసీ కెమెరాలు, మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు, వాననీళ్ళ గుంత, అగ్నిమాపక శాఖ కాగితం. పనోళ్ళకు శిక్షణ ఉందా అని కూడా అడుగుతారు. పట్టీ చేతిలో పట్టుకుని ఒక్కొక్కదానికి టిక్కు పెట్టుకుంటా పోతారు. లిఫ్టుందా? ఉంది. టిక్కు. మీ నాన్న వచ్చిన రోజు అది కదిలిందా అని రాసే గడి ఆ కాగితంలో లేదు.

తనిఖీ రోజు మా హోటలు చూసుండాల్సింది మీరు. ముందు రోజు రాత్రి స్టోరులోంచి కొత్త తువ్వాళ్ళు 80 తీసి గది గదికీ మడతపెట్టినాం. ఒక పిల్లోడు వాటిని హంసల మాదిరి చుట్టినాడు. కమిటీ వాళ్ళ కారు గేటు దాటిన అరగంటకు హంసలన్నీ మళ్ళీ బీరువాలోకి పోయినాయి.

ఏడురోడ్లు
మా పిన్ని కూతురికి పెండ్లిచూపులప్పుడు పక్కింటోళ్ళ సోఫా తెచ్చినట్టు. వాళ్ళు కాఫీ తాగి లేచేదాకా మా బాబాయి దాని మీద ఎవరినీ కాళ్ళు పెట్టనియ్యలే.

సంచిమోత
మెడికల్ రెప్పును. 19 ఏండ్లుగా సంచి మోస్తాండా. నెలలో 12 రాత్రులు బయటే: ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని, గుంతకల్లు, హిందూపురం. నేను స్టారు చూసింది లేదు. తాళంచెవి తీసుకునేముందు "గది చూపించు" అంటా. చూపించనంటే అక్కడే నమస్కారం. చూపిస్తే దిండు గలీబు తీసి లోపల దిండు చూస్తా. దుప్పటి కొస ఎత్తి పరుపు కుట్ల దగ్గర నల్లుల మచ్చలు ఉండాయా అని చూస్తా. కిటికీ తెరిచి కింద ఫంక్షన్ హాలుంటే సంచి కూడా దించను. 44వ నంబరు జాతీయ రహదారి తట్టు గదయితే సగం రేటుకిచ్చినా వద్దు, లారీలోళ్ళకు మనం పండుకున్నామని యాడ తెలుస్తాది.

ఇంగ మన జిల్లాల్లో అన్నిటికంటే పెద్ద పరీక్ష ఒకటుండాది. చేతికి సబ్బు రుద్ది చూడండి. బోరు నీళ్ళయితే నురగ రాదు, తెల్లగా తెట్టు మాదిరి మిగుల్తాది. ఆ నీళ్ళకే గీజరు కాయిలుకు సున్నం పట్టి సచ్చిపోతాది. షవరు కన్నాలు సగం మూసుకోనుంటాయి. తిప్పితే నీళ్ళు గోడకు కొడతాయి, అద్దానికి కొడతాయి, తలుపుకు కొడతాయి, మన నెత్తిన మాత్రం పడవు. ఒకసారి శానా పెద్ద హోటల్లో, కంపెనీ మీటింగని దిగినా, బాత్రూములో బకెట్టు కూడా లేదు. షవరుకు, గోడకు మధ్యలో నిలబడి స్నానం చేసినా.

గడియారస్తంభం
షవరు సంగతి రాయడం మర్చిపోయినా. ముమ్మాటికీ అదే.

సీతాఫలం_77
సంచిమోత గారి పరీక్షలన్నీ మగవాళ్ళకు బాగానే ఉంటాయి. నేను ఆడిట్ పని మీద ఒక్కదాన్నే తిరుగుతాను. సబ్బు నురగ రాకపోతే ఒక పూట సర్దుకుంటాను. తలుపు గడియ వదులుగా ఉంటే మాత్రం నిద్ర పట్టదు. ఒకసారి సాయంత్రం ఏడు గంటలకు బస్సు దిగి మూడు లాడ్జీలు తిరిగాను. మూడు చోట్లా ఒకటే మాట, "ఒంటరి లేడీస్‌కి ఇవ్వమండీ". ఒకాయనైతే నా వెనక్కి తొంగి చూసి "సార్ వస్తున్నారా?" అన్నాడు. ఆధార్ చూపించాను, ఆఫీసు గుర్తింపు కార్డు చూపించాను. సార్ లేరు కాబట్టి గది లేదు. నాలుగోది స్టార్ హోటల్. నాలుగు రెట్ల రేటు. అక్కడ ఆ ప్రశ్నే అడగలేదు, ఫారం నింపించుకుని కార్డు చేతిలో పెట్టారు. కారిడార్లో కెమెరా ఉంది, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎత్తే మనిషి ఉన్నాడు. ఆ రాత్రి నేను డబ్బు కట్టింది మెరూన్ గుడ్డకు కాదు. కాబట్టి స్టార్లు దండగ అని తేల్చేయకండి.

బుర్జుకింద
దీనికి ఎదురు చెప్పలేనక్కా.

లాడ్జోళ్ళబ్బాయి
ఇంగ నేను మాట్లాడకుంటే బాగుండదు. అనంతపురంలో బస్టాండు దగ్గర మాది 22 గదుల లాడ్జి, మా నాయన పెట్టినాడు. స్టారు గీరు ఏమీ లేదు. అక్క చెప్పింది నిజమే, మేమూ అట్లే ఇచ్చేవాళ్ళం కాదు. పోలీసోళ్ళు వచ్చి అడుగుతారని భయం. మా చెల్లెలు పరీక్ష రాయను వేరే ఊరు పోయి, గది దొరక్క తెల్లార్లూ బస్టాండులో కూర్చోని వచ్చింది. ఆ మరుసటి రోజు మా నాయన కౌంటర్లో ఉండే "ఒంటరి వారికి గదులు ఇవ్వబడవు" బోర్డు తానే పీకేసినాడు. మేకులు ఇప్పటికీ గోడకు ఉండాయి.

అయితే మా తట్టు నుంచి కూడా చూడండప్పా. 24 గంటల చెకౌట్ మాది. రాత్రి పదకొండుకు వచ్చినోడు మరుసటి రాత్రి పదకొండు దాకా ఉండొచ్చు. పెద్ద హోటల్లో మధ్యాహ్నం రెండుకు లోపలికి, మరుసటి రోజు పన్నెండుకు బయటికి. 22 గంటలకు ఒక రోజు దుడ్లు తీసుకుంటారు, దాన్ని ఎవరూ అడగరు. ఇంగ మీరు? ఇద్దరమని రాసి ఏడుగురు పండుకుంటారు. తెల్ల తువ్వాలతో బూట్లు తుడుస్తారు. ఒకాయన కెటిల్లో కోడిగుడ్లు ఉడకబెట్టినాడు. స్టార్లు వచ్చినోళ్ళకు కూడా వేయాల.

ఏడురోడ్లు
కోడిగుడ్ల ఆయన నేను కాదు. నేను చేసింది మ్యాగీ.

మ్యూనిక్_మైదుకూరు
ఇక్కడ జర్మనీలో కూడా స్టార్లు హోటలు ఇష్టమే, తప్పనిసరి కాదు. 2009లో కొన్ని ఐరోపా దేశాల హోటల్ సంఘాలు కలిసి హోటల్‌స్టార్స్ యూనియన్ అని పెట్టుకున్నాయి. దాదాపు అందరికీ ఒకటే పట్టీ, రెండు వందలకు పైగా అంశాలు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని. జర్మనీలో మూడేళ్ళకోసారి మళ్ళీ చూస్తారు. ఐదు స్టార్లకైతే ఎవరో చెప్పకుండా మామూలు అతిథిలా దిగి చూసిపోయే మనిషి కూడా ఉంటాడు. పాతకాపు గారి హంసలు ఆ మనిషి దగ్గర ఎగరవు.

అలాగని ఇక్కడ అంతా స్వర్గం అనుకోకండి. ఒకసారి దిగిన ఫోర్ స్టార్లో జూలై ఎండకు ఏసీ లేదు. అడిగితే కిటికీ తెరుచుకోమన్నారు.

బుర్జుకింద
ఆ చూసిపోయే మనిషి మన తట్టు వస్తే బాగుండు. కర్నూల్లో మే నెలలో దింపాల, కరెంటు పోయిన మధ్యాహ్నం.

లెక్కల_స్వామి
పన్ను సంగతి ఎవరూ రాయలేదు. 2017లో జీఎస్టీ తెచ్చేటప్పుడు మొదట ఫైవ్ స్టార్ హోటళ్ళకు 28 శాతమని ప్రకటించారు. వెంటనే పేచీ వచ్చింది. స్టారు ఉండి గది చవగ్గా ఇచ్చేవాడు ఉన్నాడు, స్టారు లేకుండా పాతికవేలు తీసుకునేవాడూ ఉన్నాడు. దాంతో ఆ జూలైలోనే స్టారుతో పని లేదు, గది అద్దె ఎంతో దాన్నిబట్టే పన్ను అని తేల్చారు. 2019లో 7,500 దాటిన గదికి 28 తీసి 18 చేశారు. 2022 జూలై దాకా వెయ్యి లోపు గదికి పన్నే లేదు, తర్వాత 12 వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 వరకు 5 శాతమే. అంటే పన్ను వేసేవాడే స్టారును పక్కన పెట్టి ఎనిమిదేళ్ళు దాటింది. గడియారస్తంభం గారూ, మీ బిల్లులో ఎంత వేశారో ఒకసారి చూసుకోండి.

గడియారస్తంభం
చూసినా స్వామీ. 12 వేసినాడు. పెండ్లి జరిగింది నవంబరులో.

లెక్కల_స్వామి
అయితే లిఫ్టుకంటే ముందు దాన్ని అడగండి.

లాడ్జోళ్ళబ్బాయి
స్టారు కోసం ఎగబడేవాళ్ళలో ఎక్కువమంది బారు కోసమే. ఇది కూడా రాసుకోండి.

ఫ్రంటాఫీసు_పాతకాపు
నిజం. పైన రాయకుండా దాటేసినా. కేరళలో 2014లో ఫైవ్ స్టార్ హోటళ్ళకు తప్ప బారు లేదన్నారు. సుప్రీంకోర్టు దాకా పోయినారు, 2015 డిసెంబరులో కోర్టు కూడా ఆ విధానం సరేనంది. సర్కారు మారినాక 2017లో త్రీ స్టారు నుంచి మళ్ళీ ఇచ్చినారు. ఒక్కో స్టారు వెనకాల ఎన్ని సీసాలుంటాయో చూడండి. అందుకే ఫోర్, ఫైవ్ స్టార్లలో మద్యం ఉండేవి, లేనివి అని కూడా విడిగా రాస్తారు.

ఏడురోడ్లు
నక్షత్రాలు 27 ఉంటే వీళ్ళకు ఐదు దగ్గరే లెక్క ఆగిపోయింది. అనంతపురం అన్న దిగిన దానిది మూల నక్షత్రం అనుకుంటా, శాంతి చేయించాల.

అది సరే గానీ, దుబాయిలో ఒక బుర్జు సెవెన్ స్టార్ అంట గదా. మన కొండారెడ్డి బుర్జుకు ఎన్నొస్తాయి?

బుర్జుకింద
మా బుర్జుకు లిఫ్టు లేదు, అయినా ఇన్ని వందల ఏండ్లలో ఎవరూ కౌంటర్లో గొడవ పెట్టుకోలే.

ఫ్రంటాఫీసు_పాతకాపు
బుర్జ్ అల్ అరబ్. 1999లో తెరిచినారు. సెవెన్ స్టార్ అన్నది పత్రికల్లో పుట్టిన మాట, అట్లాంటి వర్గం సర్కారు జాబితాలో లేదు. అది కూడా ఫైవ్ స్టారే.

స్టీరింగు_మనిషి
నేను టాక్సీ తోల్తా. కడప నుంచి బెంగళూరు, మద్రాసు, తిరపతి. అందరూ గదుల గురించి జెప్తాండారు, నేను పార్కింగు గురించి జెప్తా. ఎంత పెద్ద హోటలయితే డ్రైవరుకు అంత కష్టం. సార్లను గుమ్మం కాడ దింపినాక మనల్ని కింద సెల్లారులోకి పొమ్మంటారు. దోమలు. సీటు వెనక్కి వాల్చి పండుకుంటే మెడ పట్టేస్తాది. బాత్రూముకు లోపలికి పోతే సెక్యూరిటీ "యాడికి?" అంటాడు. తెల్లార్తానే మళ్ళీ మిమ్మల్ని 300 కిలోమీటర్లు భద్రంగా తీసకపోవాల్సింది నేనే గదా. చిన్న లాడ్జోడైతే "రా అన్నా, మేడ మీద చాప ఉండాది" అంటాడు, నీళ్ళిస్తాడు. తమిళనాడులో మాత్రం 2023లో ఒక రూలు తెచ్చినారు, హోటలు కట్టేటోడు డ్రైవర్లకు పడకలు, బాత్రూములు చూపించాలని. మన తట్టు కూడా పెడితే బాగుండు.

సీతాఫలం_77
ఇన్నేళ్ళుగా టాక్సీలో తిరుగుతున్నాను. డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకున్నాడో ఒక్కసారి కూడా అడగలేదు.

స్టీరింగు_మనిషి
శానామంది అడగరులేక్కా. పొద్దున్నే టీ ఇప్పిస్తారు.

లాడ్జోళ్ళబ్బాయి
అన్నా, అనంతపురం వస్తే మా లాడ్జికి రా. మేడ మీద చాప కాదు, మంచమే వేస్తా. కెటిల్ మాత్రం ఇయ్యను.

బుర్జుకింద
చాప అంటే గుర్తొచ్చింది. 2009 అక్టోబరు 2, మా ఊరికి వరద వచ్చిన రోజు. మాది పాతబస్తీ పక్క, కింద ఇల్లు. నీళ్ళు గడప దాటేసరికి అమ్మను, తమ్ముణ్ణి తీసుకుని పక్క వీధిలో ఉండే ఒక లాడ్జికి పరిగెత్తినాం. రెండంతస్తులు, సున్నం రాలిపోతాంటాది, మామూలు రోజుల్లో దాని ముందర నిలబడను కూడా సిగ్గుపడేవాళ్ళం. ఆయన తలుపులన్నీ తీసి పెట్టినాడు. రిజిస్టరు లేదు, ఆధార్ లేదు, అప్పటికి ఆధారే పుట్టలేదనుకో. ఒక్కో గదిలో పదిహేను మందిమి. రెండు రాత్రులు కరెంటు లేదు. మిద్దె మీద ట్యాంకులో మిగిలిన నీళ్ళు చెంబుతో కొలిచి ఇచ్చినాడు, పిల్లలున్నోళ్ళకు రెండు చెంబులు. నీళ్ళు తీసినాక మా నాయన దుడ్లు ఇయ్యబోతే "ముందు ఇల్లు కడుక్కోపో" అన్నాడు. ఆయన కౌంటరు, దుప్పట్లు, పరుపులు, కింది అంతస్తు మొత్తం బురదలో ఉన్నాయి అప్పుడు.

ఇప్పుడు ఆ లాడ్జి లేదు, సెల్ ఫోన్ల షాపు ఉంది.

ఏడురోడ్లు
దీని కింద జోకు రాయలేను. ఎవరైనా వేరే మాట ఎత్తండి.

మ్యూనిక్_మైదుకూరు
నేనెత్తుతాను. స్టార్లు సరే, కింద జనం రాసే సమీక్షలను నమ్మొచ్చా? వచ్చే నెల సెలవుకు వస్తున్నాను. పిల్లలకు గండికోట, బెలూం గుహలు చూపించాలి.

సంచిమోత
నమ్మొచ్చు, ఎట్ల చదవాలో తెలిస్తే. ఐదు ఇచ్చినోడు ఓనరు బామ్మర్ది అయుంటాడు. ఒకటి ఇచ్చినోడికి ఆ రోజు ఇంట్లో గొడవ అయుంటాది. మధ్యలో రెండు, మూడు ఇచ్చినోళ్ళవి చదువు, అది కూడా ఈ రెండు నెలల్లో రాసినవే. "నీళ్ళు", "మోటారు", "జనరేటరు" అనే మాటలు వెతుకు. ఫొటోల్లో హోటలోడు పెట్టినవి వదిలేసి, వచ్చినోళ్ళు తీసిన బాత్రూము ఫొటోలు చూడు. దాని తర్వాత ఫోన్ చేసి గది గురించి అడగద్దు. "పొద్దున నాలుగుకు వేన్నీళ్ళు వస్తాయా" అని అడుగు. "వస్తాయి సార్" అని టక్కున అన్నాడంటే అనుమానించు. "నాలుగుకు మోటారు వేయిస్తా, మీరు ముందు రోజు చెప్పండి" అన్నాడంటే దిగు.

గడియారస్తంభం
ఈ చర్చంతా నిన్న రాత్రి నాన్నకు చదివి వినిపించినా. డ్రైవరన్న మాట దగ్గర ఆపమని, మేము పోయినప్పుడు మన కారు పిల్లోడు యాడ పండుకున్నాడురా అని అడిగినాడు. నాకు తెలియదు. ఫోన్ చేసి కనుక్కున్నా. కార్లోనే అంట.

ఇంకొకటి. నాన్నకు ఒంటిమిట్ట రాములవారి కళ్యాణం చూడాలని ఎప్పటినుంచో ఉండాది. అది రాత్రిపూట వెన్నెల్లో జరుగుతాది గదా, తిరిగి కడపకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతాది. పెద్ద హోటల్లో దిగితే మరుసటి రోజు పన్నెండుకు ఖాళీ చేయమంటాడు, ముసలాయన నిద్ర లేచేసరికే పదవుతాది. సంచిమోత అన్నా, కడపలో కింది అంతస్తులో గది, 24 గంటల చెకౌట్, డ్రైవరుకు ఒక మంచం, యాడన్నా తెలిస్తే చెప్పు. స్టార్లు వద్దు.

సంచిమోత
తెలుసు. పేరు ఇక్కడ రాస్తే కాపరి కొడతాడు, విడిగా పంపిస్తా. ఒక బకెట్టు, ఒక చెంబు కూడా ఉంటాయి. పొద్దున్నే పక్క సందులో ఎర్రకారం దోశ. గీజరు మాత్రం అడగద్దు, కింద కట్టెల పొయ్యి మీద కాంచి మోసుకొచ్చి ఇస్తారు.

గడియారస్తంభం
కట్టెల పొయ్యా! నాన్న ఇప్పుడే సంచి సర్దుకుంటా అంటున్నాడు. కళ్యాణానికి ఇంకా నెలన్నర ఉండాది.

ఏడురోడ్లు
కడపకొస్తే చెప్పన్నా, దోశలు నావి. కెటిల్ నేనే తెస్తా.